దుంకుడు పెద్దలది, బెంచీ పిల్లలది

2025 డిసెంబర్ 13. హైదరాబాద్, ఉప్పల్. క్రికెట్ స్టేడియంలో ఫుట్‌బాల్ జాతర. మెస్సీ వచ్చాడు. ముఖ్యమంత్రి గారు తొమ్మిదో నెంబరు జెర్సీ తొడుక్కుని మైదానంలోకి దిగారు. తొమ్మిదో నెంబరంటే సెంటర్ ఫార్వర్డ్. గోల్ కొట్టే చోటు. ఏ పిల్లగాణ్ని అడిగినా మొదట కోరుకునే చోటు.

మంచిదే. ఆడనీయండి. 56 ఏళ్ల వయసులో బంతి వెంట పరుగెత్తే ముఖ్యమంత్రి ఎన్ని రాష్ట్రాలకున్నారు? కాకపోతే చిన్న చిన్న అనుమానాలు. ఆయన బోనఫైడ్ తెచ్చారా? దాని మీద హెడ్మాస్టరు సంతకం ఉందా? మండలం ఆడి, జోన్ దాటి, జిల్లా దాటి వచ్చారా? మణికట్టుకు ఎక్స్‌రే తీశారా? "ఎత్తు సాలదు, వచ్చే ఏడాది సూద్దాం బిడ్డా" అని ఎవరన్నా అన్నారా?

లేదు కదా. నేరుగా జట్టు. నేరుగా ముందు వరుస. ఎవరిని ఏ జట్టులో, ఏ చోట ఆడించాలన్న దాంట్లో ఈ రాష్ట్రంలో ఇంత వెసులుబాటు ఉందని ఆ రోజే తెలిసింది. సంతోషం. అందులో చిటికెడు బుగ్గారం పంపిస్తారా?

బుగ్గారం అంటే జగిత్యాల జిల్లాలో ఒక మండల కేంద్రం. వెసులుబాటు గురించి ఈ ఊరికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఒకప్పుడు దీని పేరు మీదే అసెంబ్లీ సీటుండేది. నియోజకవర్గాల పునర్విభజనలో అది మాయమై, 2009 ఎన్నికల నాటికి ధర్మపురి సీటు అయింది. ఊరు ధర్మపురి మండలంలో ఉండె, కరీంనగర్ జిల్లాలో ఉండె. 2016 అక్టోబర్ 11న కొత్త మండలం, కొత్త జిల్లా. ఊరు ఉన్న చోటే ఉంది. జట్లే మారాయి. ఊరినే ఇన్నిసార్లు అటూ ఇటూ మార్చగలిగిన సర్కారుకు, ఆ ఊరి పదమూడేళ్ల పిల్లగాణ్ని రైట్ బ్యాక్ నుంచి లెఫ్ట్ వింగ్‌కు మార్చడం మాత్రం చేతకాదు.

ఎందుకు చేతకాదు? ఒకసారి సెలెక్షన్ నాడు గ్రౌండుకు పోయి చూడండి. ఏ మండలమైనా ఫరవాలేదు, సినిమా ఒకటే.

పొద్దున తొమ్మిదింటికి రమ్మంటారు. పిల్లలు ఏడింటికే బస్సెక్కుతారు. ముఖ్య అతిథి పదకొండుకు వస్తారు. అప్పటిదాకా సున్నం గీతల పక్కన వరుసగా కూర్చోబెడతారు. తర్వాత కొబ్బరికాయ. శాలువా. "క్రీడలు మానసికోల్లాసాన్ని కలిగిస్తాయి" అనే ప్రసంగం. ఈ వాక్యం చెప్పకపోతే మైకు పనిచేయదేమో! అతిథి బంతిని ఒక తన్ను తంతారు. ఫొటో. బంతి పక్కకు పోతుంది. అందరూ చప్పట్లు. అతిథి వెళ్లిపోతారు. ఎండ నెత్తి మీదికొస్తుంది. అప్పుడు మొదలవుతుంది సెలెక్షన్.

ఇరవై నిమిషాల ఆట. ఇరవై ఇద్దరు పిల్లలు. ఒక బంతి. పెద్దోళ్లు ఆడే పూర్తి సైజు మైదానం. లెక్క మీరే వేసుకోండి, ఒక్కో పిల్లవాడి కాలికి బంతి ఎన్నిసార్లు తగులుతుంది? పొడుగ్గా, బలంగా ఉన్న నలుగురి మధ్యే అది తిరుగుతుంది. మిగతావాళ్లు దాని వెనకాల ఉరుకుతారు. కొందరికైతే బంతి తగలకముందే విజిల్ పడుతుంది. బయట కూర్చున్న పోరడు లేచి, "సార్, నేను?" అంటాడు. "నువ్వు కూసో." అయిపోయింది. ఆ ఏడాదికి అంతే. చాలామందికి జీవితానికే అంతే.

తీసుకున్న వాళ్లనైనా ఎట్లా పంచుతారు? మహా శాస్త్రీయం. పొడుగోడా, స్టాపర్. లావుగా ఉన్నాడా, గోల్ కీపర్. ఉరుకుతడా, వింగ్. సార్‌కు తెలిసినోళ్ల కొడుకా, సెంటర్ ఫార్వర్డ్. పదకొండేళ్లప్పుడు పడ్డ ముద్ర పదిహేడేళ్లకూ చెరగదు. ఆ లావుపాటి పిల్లగాడు మధ్యలో సన్నబడతాడు, పాదరసంలా ఉరుకుతాడు. అయినా గోల్ పోస్టు కిందనే నిలబడి ఉంటాడు. ఎవరూ పిలవరు కదా!

ఇక వయసు ముచ్చట. స్కూల్ గేమ్స్‌లో అండర్-14, అండర్-17, అండర్-19 అని మూడు అరలు. కటాఫ్ తేదీకి అటు పక్క పుట్టినోడు ఒక అర, ఇటు పక్క పుట్టినోడు మరొక అర. ఒకే అరలో జనవరి పిల్లాడూ ఉంటాడు, డిసెంబర్ పిల్లాడూ ఉంటాడు. మధ్య దాదాపు ఏడాది. నలభై ఏళ్లప్పుడు ఏడాది తేడా ఎవడికి కావాలి? పదమూడేళ్లప్పుడు అదే కొండంత. దీని మీద ప్రపంచంలో నలభై ఏళ్లుగా పరిశోధనలు వస్తూనే ఉన్నాయి. కటాఫ్ తర్వాతి మొదటి నెలల్లో పుట్టిన వాళ్లే జట్లలో ఎక్కువగా కనబడతారని అవి మళ్లీ మళ్లీ తేల్చాయి. ప్రతిభ క్యాలెండర్ చూసుకుని పుడుతుందా ఏంది?

మన దగ్గర ఇంకో వింత. మన పల్లెల్లో పిల్లలు జూన్‌లోనే పుడతారు! పాత అడ్మిషన్ రిజిస్టర్లు తీసి చూడండి. బడిలో చేర్చే రోజు పంతులు వేలు మడిచి లెక్కేసి ఏదో ఒక తేదీ రాస్తాడు. బడి తెరిచే నెల ఆయనకు దగ్గరగా తోస్తుంది. తల్లికి వానాకాలమో, పండుగో గుర్తుంటుంది. తేదీ ఎవరికి గుర్తుంది? ఆ పంతులు రాసిన తేదీ పట్టుకునే ఆ పిల్లవాడు అండర్-14లో ఉండాలా, అండర్-17లో ఉండాలా అని సర్కారు తేలుస్తుంది. అచ్చం బ్రహ్మరాత.

ఆ రాత అబద్ధమని పట్టుకోవడానికి ఒక యంత్రం కూడా ఉంది. ఎడమ చేతి మణికట్టును ఎక్స్‌రే తీసి ఎముకల వయసు లెక్కగడతారు. టీడబ్ల్యూ3 అంటారు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య దీన్ని వాడుతోంది. వయసు దొంగలను పట్టడానికి మంచి పనిముట్టు. పట్టండి. కానీ అదే ఎక్స్‌రే ఇంకో సంగతి కూడా చెబుతుంది. ఈ పిల్లవాడింకా ఎంత ఎదగాలో చెబుతుంది. పదమూడేళ్లవాడే, ఎముకలు మాత్రం పదకొండేళ్లవి, వీడికి ఇంకా టైముంది, తొందరపడి పంపేయకండి అని చెబుతుంది. ఆ మాట ఎవరైనా విన్నారా? మనకు ఎక్స్‌రేలో దొంగ కనబడతాడు. ఎదగబోయే పిల్లవాడు కనబడడు.

బెల్జియం వాళ్లకు కనబడ్డాడు. ఒంటి ఎదుగుదల ఆలస్యమైన పిల్లల కోసం వాళ్ల సమాఖ్య 'ఫ్యూచర్స్' అని వేరే జట్లే పెట్టింది. ఇప్పుడు చిన్నగున్నా రేపు పెద్దోడవుతాడని. ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్ అకాడమీలు పుట్టిన తేదీని పక్కనపెట్టి, ఒంటి ఎదుగుదలను బట్టి పిల్లలను కలిపి ఆడించి చూస్తున్నాయి. తొందరగా ఎదిగినోణ్ని పై జట్టులో వేస్తారు, బలం మీద బతకకుండా బుర్ర వాడటం నేర్చుకుంటాడు. ఆలస్యంగా ఎదిగేవాణ్ని కింది జట్టులో వేస్తారు, కాలికి బంతి తగులుతుంది, ధైర్యం వస్తుంది. పైకి పోవడం ప్రమోషన్ కాదు. కిందికి రావడం పరువు తక్కువ కాదు. ఎప్పుడు ఎవరికి ఏ జట్టు మేలు చేస్తే అప్పుడు అక్కడ. ఇంతే సంగతి. ఇందులో రాకెట్ సైన్స్ ఏమన్నా ఉందా?

ఉప్పల్‌కు వచ్చినాయన ఎవరనుకున్నారు? రోసారియోలో పదకొండేళ్లప్పుడు ఒంటి ఎదుగుదల హార్మోను తక్కువని తేలిన పొట్టి పిల్లగాడు. బార్సిలోనా క్లబ్బు అతన్ని తీసుకుంటామని 2000 డిసెంబర్ 14న ఒక కాగితపు న్యాప్‌కిన్ మీద రాసిచ్చింది. అప్పుడతనికి పదమూడేళ్లు. ఆ న్యాప్‌కిన్‌కు సరిగ్గా పాతికేళ్లు నిండడానికి ఒక్కరోజు ముందు ఉప్పల్‌లో మనవాళ్లు అతని పక్కన నిలబడి ఫొటోలు దిగారు. గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. అదే పిల్లగాడు ఆ వయసులో మన జిల్లా సెలెక్షన్‌కు వచ్చుంటే ఏమయ్యేది? ఇరవై నిమిషాల ఆటలో పన్నెండో నిమిషం దాకా చూసి, "వీణ్ని కబడ్డీలకు కూడా తీస్కోరు" అనేవాళ్లు కాదా?

సెలెక్షన్ దాకా ఎందుకు, మన క్రీడా పాఠశాలల గడప చూడండి. హకీంపేటలో ఒకటి, కరీంనగర్‌లో ఒకటి, ఆదిలాబాద్‌లో ఒకటి. నాలుగో తరగతిలో ప్రవేశం. అంటే ఎనిమిది, తొమ్మిదేళ్ల పసివాళ్లు. పరీక్షలు పెడతారు. ముప్పై మీటర్ల ఉరుకుడు, నిలబడి దుముకుడు, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసురుడు, 800 మీటర్ల పరుగు. వాటితోపాటు ఎత్తు, బరువు కూడా పరీక్షాంశాలే. ఎనిమిదేళ్ల పిల్ల ఎత్తు ఆ పిల్ల తప్పా? రేషన్ బియ్యం తప్పా? అంగన్‌వాడీ గుడ్డు తప్పా? అక్కడ తప్పిపోయిన పిల్ల పన్నెండేళ్లకు చిరుతలా తయారైతే మళ్లీ ఆ తలుపు తెరుస్తారా? తెరవరు. బస్సు వెళ్లిపోయింది. తర్వాతి బస్సు లేదు.

ఇప్పుడు పెద్దల జట్టు చూద్దాం రండి.

2023 ఎన్నికల్లో కారు గుర్తు మీద గెలిచిన పదిమంది ఎమ్మెల్యేలు పార్టీ మారారని పిటిషన్లు పడ్డాయి. మన జగిత్యాల ఎమ్మెల్యే కూడా అందులో ఉన్నారు. పదిమంది! ఒక్క గోల్ కీపర్ దొరికితే ఫుట్‌బాల్ టీమే. ఏ జట్టు తరఫున గెలిచారో జనానికి తెలుసు. ఏ జట్టు కండువాతో ఫొటోల్లో ఉన్నారో పేపర్లు చదివేవాళ్లకు తెలుసు. ప్రస్తుతం ఏ జట్టో మాత్రం రిఫరీకి తెలియలేదు. 2025 జులై 31న సుప్రీంకోర్టు, మూడు నెలల్లో తేల్చండని స్పీకర్ గారికి చెప్పాల్సి వచ్చింది. ఉప్పల్ ఆట అయిన నాలుగు రోజులకు, డిసెంబర్ 17న, అందులో ఐదుగురి మీద పిటిషన్లను ఆయన కొట్టేశారు. ఆధారాలు లేవట.

బడి పిల్లగాడి సంగతి చూడండి. ఆధార్‌లో ఒక తేదీ, బోనఫైడ్‌లో ఇంకో తేదీ ఉంటే చాలు. అక్కడికక్కడే ఆధారం దొరికినట్టే. "పో, ఇంటికి పో." అప్పీలు లేదు. మూడు నెలలు లేవు. మూడు నిమిషాలు లేవు.

గోడ దుంకితే పెద్దలకు మంత్రి పదవి ఆశ. గీత దాటితే పిల్లలకు వేటు. పెద్దల ఆటలో ఎన్నిసార్లు సబ్‌స్టిట్యూట్‌గా వచ్చినా పరవాలేదు, పోయినా పరవాలేదు. పిల్లల ఆటలో ఒకసారి బయటికొస్తే బయటే. తమాషా ఏమిటంటే, ఆట చట్టమే దీనికి ఒప్పుకోదు. ప్రపంచ ఫుట్‌బాల్ నియమాలు రాసే ఐఎఫ్ఏబీ, మూడో నియమంలోనే తలుపు తెరిచి పెట్టింది. పిల్లల ఆటలో, గ్రాస్‌రూట్స్ ఆటలో బయటికొచ్చిన ఆటగాడు మళ్లీ లోపలికి పోవచ్చు. జాతీయ సమాఖ్య సరే అంటే చాలు. మైదానం చిన్నది చేసుకోవచ్చు. గోల్ పోస్టులు చిన్నవి చేసుకోవచ్చు. బంతి చిన్నది వాడుకోవచ్చు. టైము తగ్గించుకోవచ్చు. చట్టంలో వెసులుబాటు ఉంది. మనసులో లేదు.

విదేశాల ముచ్చట్లు మాకెందుకంటారా? సరే, మన ఇంటి ముచ్చటే చెప్పుకుందాం. సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ బడిపంతులు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. ఆయన కుర్రాళ్లకు వింత పోటీలు పెట్టేవాడు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ బంద్, బంతి వచ్చిందంటే పాస్ ఇవ్వాల్సిందే. ఇంకో పోటీలో చేతకాని కాలితోనే ఆడాలి. కప్పు కోసమా? కాదు. పిల్లగాడికి రెండు కాళ్లున్నాయని వాడికే తెలియడానికి. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు ఎత్తుకొచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలోనే భారత్ నాలుగో స్థానంలో నిలిచింది.

1962 జకార్తా ఆసియా క్రీడలు చూడండి. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలింది, కుట్లు పడ్డాయి. వెనకాల హెడింగులు చేయలేడు. మనవాళ్లయితే ఏమంటారు? "బెంచీ మీద కూసో." రహీం సాబ్ ఆయన్ని తీసుకుపోయి సెంటర్ ఫార్వర్డ్‌గా పెట్టాడు. సెమీఫైనల్లో గోల్. ఫైనల్లో దక్షిణ కొరియా మీద గోల్. 2-1. స్వర్ణం. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఇంకో స్వర్ణం లేదు. ఒక హైదరాబాద్ పంతులు అరవై ఏళ్ల కిందటే చేసి చూపించిన పనికి, ఇప్పుడు విదేశీ కన్సల్టెంట్‌ను పిలిచి పవర్‌పాయింట్ వేయించుకునే స్థితికొచ్చాం.

హైదరాబాద్ జట్టు 1956, 1957లలో సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. ఆ తర్వాత? ఆ తర్వాత ప్రసంగాలు గెలిచాయి.

ఈ మధ్య దాకా కనీసం ఒక క్లబ్బయినా ఉండె. హైదరాబాద్ ఎఫ్‌సీ. 2022 మార్చి 20న ఐఎస్ఎల్ కప్పు కొట్టింది. ఊరంతా సంబరం. తర్వాతి సీజన్లలో జీతాలు అందలేదని ఆటగాళ్లు రోడ్డెక్కే పరిస్థితి. 2025లో ఆ క్లబ్బు మూటాముల్లె సర్దుకుని ఢిల్లీకి పోయింది. పేరు కూడా మార్చుకుంది, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. చూశారా వెసులుబాటు? అదే ఏడాది ఆగస్టులో మన సర్కారు కొత్త క్రీడా విధానం ఆవిష్కరించింది. స్పోర్ట్స్ హబ్ బోర్డు వేసింది. దానికి ఛైర్మన్ ఎవరు? సంజీవ్ గోయెంకా. కోల్‌కతా మోహన్ బగాన్ యజమాని. మన క్లబ్బు ఢిల్లీకి, మన బోర్డు కుర్చీ కోల్‌కతాకు. మన పిల్లగాడు ఎక్కడికి? ఇంటికి!

ఇప్పటి సర్కారునే అంటే పాపం. గత సర్కారు 2022లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు పెట్టింది. పచ్చటి పేపర్ల మీద పచ్చటి మైదానాలు. చాలా ఊళ్లలో నిలబడింది బోర్డు ఒక్కటే. బోర్డు వెనకాల రెండు ఇనుప కడ్డీలు, ఒక ఇసుక గుంత, చుట్టూ పిచ్చి తుమ్మలు. కొన్ని చోట్ల చెరువు శిఖంలో, కొన్ని చోట్ల బొందల గడ్డ పక్కన. ఆత్మలకు వ్యాయామం కావాలనుకున్నారేమో! ప్రభుత్వం మారింది. బోర్డు రంగు వెలిసింది. తుమ్మలు మాత్రం పార్టీలకు అతీతంగా పెరుగుతున్నాయి.

ఢిల్లీ పెద్దలేమైనా తక్కువా? ఫుట్‌బాల్ సమాఖ్య 2023 జనవరిలో 'విజన్ 2047' విడుదల చేసింది. 2047 నాటికి ఆసియాలో మొదటి నాలుగు జట్లలో ఒకటవుతామట. మంచి ప్లాను. అడిగేవాళ్లు, చెప్పినవాళ్లు ఇద్దరూ అప్పటికి రిటైరై ఉంటారు. ఈలోగా 2025లో సొంతగడ్డ మీద సింగపూర్ చేతిలో ఓడి, 2027 ఆసియా కప్పుకే అర్హత పోగొట్టుకున్నాం. నాలుగో స్థానం తర్వాత, ముందు గుమ్మం దాటండి సార్.

ఫిఫా వాళ్లు దేశంలోని బడులకు పంచమని 11 లక్షలకు పైగా బంతులిచ్చారు. గొప్ప సంగతే. కానీ బంతి బడికి చేరడం వేరు, పిల్లల కాళ్ల దాకా చేరడం వేరు. ఆడితే పాడవుతుంది. పాడైతే ఆడిట్‌లో అడుగుతారు. కాబట్టి బీరువాలో పెట్టి తాళం వేస్తే బంతి క్షేమం, సారు క్షేమం. అసలు తాళం తీయడానికి పీఈటీ ఉన్న బడులెన్ని? ఉన్న సార్‌కు ఎలక్షన్ డ్యూటీ, సర్వే డ్యూటీ, పరీక్షల డ్యూటీ, క్లాసుకు టీచర్ రాకపోతే ఆ పీరియడ్ డ్యూటీ. మిగిలిన టైములో గేమ్స్ పీరియడ్. అది కూడా లెక్కల సారు అడిగితే ఇచ్చేయాలి.

పెద్దల్ని తిట్టి చేతులు దులుపుకుందామంటే కుదరదు. మనమేం తక్కువ తిన్నామా? కొడుకు ఫుట్‌బాల్ ఆడొచ్చాడు. మొదటి ప్రశ్న ఏమడుగుతాం? "గెలిచిండ్రా?" రెండో ప్రశ్న? "గోల్ కొట్టినవా?" మూడో ప్రశ్న? "సర్టిఫికెట్ ఇచ్చిండ్రా?" ఎంతసేపు ఆడినవు, కొత్తగా ఏం నేర్చినవు అని ఒక్కరం అడగం. మనకు స్పోర్ట్స్ కోటాకు పనికొచ్చే కాగితం కావాలి. హెడ్మాస్టరుకు గదిలో పెట్టుకునే కప్పు కావాలి. పీఈటీ సారుకు పేపర్లో రెండు లైన్ల వార్త కావాలి. కప్పు కావాలంటే ఇవాళ బలమున్నోణ్నే దింపాలి. రేపు ఎదిగేవాణ్ని బెంచీ మీద పడేయాలి. ఈ కుట్రలో అందరం వాటాదారులమే.

పట్నంలోనైతే దీనికి ఫీజు కూడా కడతారు. ప్రైవేటు అకాడమీల్లో ఏ టీమ్, బీ టీమ్. ఏ టీమ్‌కు మంచి గ్రౌండు, మంచి కోచ్, టోర్నమెంట్లు. బీ టీమ్‌కు కోన్‌ల చుట్టూ ఉరుకుడు. ఫీజు మాత్రం ఏ-కూ బీ-కీ ఒక్కటే! మార్చిలో బీ-లో పడ్డ పిల్లాడు మళ్లీ మార్చి దాకా బీ-నే. మధ్యలో వాడు మెరుగయ్యాడా అని చూసే తీరిక కోచ్‌కు లేదు. అడిగే ధైర్యం తండ్రికి లేదు. పదో తరగతి వచ్చిందా, ఏ-నూ బీ-నీ ఇద్దర్నీ కలిపి గ్రౌండు లేని ఇంటర్ కాలేజీలో వేస్తారు. సమానత్వం అక్కడ దొరుకుతుంది.

నార్వే ఏం చేసిందో తెలుసా? జనాభా దాదాపు 55 లక్షలు. 1987లోనే పిల్లల క్రీడలకు ప్రత్యేక నిబంధనలు రాసుకుంది. పదకొండేళ్లు వచ్చేదాకా ఫలితాల పట్టికలు, ర్యాంకులు ఉండవు. ఆ దేశపు గోల్ వీరుడు హాలండ్ పెరిగిన బ్రినే అనే చిన్న పట్నంలో, ఒక నలభై మంది పిల్లల్ని ఏ, బీ అని విడదీయకుండా ఏళ్ల తరబడి కలిపే ఆడించారు. ఆ గుంపులో ఒక అమ్మాయి కూడా ఉంది. హాలండ్ చిన్నప్పుడు చిన్నగానే ఉండేవాడట. ఎవరూ ఇంటికి పంపలేదు. పట్టికలు లేకపోతే పిల్లలు మెత్తబడతారని గోల చేసేవాళ్లకు ఒక కబురు. ఆ మెత్తటి దేశం 2025 నవంబర్‌లో ఇటలీని వాళ్ల సొంత మైదానంలో 4-1తో చితక్కొట్టి 2026 ప్రపంచ కప్పుకు పోయింది.

అంత దూరమెందుకు? పక్కనున్న నిజామాబాద్ జిల్లా, కిసాన్ తండా. గుగులోత్ సౌమ్య. పరుగు పందేల పిల్ల. ఉరుకుతోందని ఉరుకుడుకే పరిమితం చేయకుండా, ఒక కోచ్ ఆమెను ఫుట్‌బాల్‌కు మళ్లించాడు. ఆ పరుగు వింగ్ మీద పనికొచ్చింది. భారత జట్టుకు ఆడింది. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు వెళ్లింది. 2025లో సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి అవార్డు అందుకుంది. ఒక్క మనిషి, ఒక్కసారి చోటు మార్చినందుకు ఇంత. అదే పద్ధతిగా మారిస్తే? మారిస్తే ఇంకెంతమంది వస్తారోనన్న భయమా ఏంది మీకు?

బుగ్గారంలో పదకొండు మంది అమ్మాయిలు దొరకలేదు, కాబట్టి అమ్మాయిల జట్టు లేదు, కాబట్టి అమ్మాయిలు ఆడరు. ఇదీ మన తర్కం. అబ్బాయిలతో కలిపి ఐదుగురేసి ఆడించొచ్చు కదా? ఇంగ్లండ్‌లో అండర్-18 దాకా కలిపి ఆడనిస్తారు. మన దగ్గర ఆ మాటంటే, "ఆడపిల్లలను మొగపోరగాళ్లతోనా?" అంటారు. బీడీలు చుట్టే చోట, నాట్లేసే చోట, ఉపాధి పనిలో మాత్రం కలిసే పనిచేయాలి. బంతి దగ్గరకొచ్చేసరికి సంస్కృతి గుర్తొస్తుంది.

ఇంకొక్క మాట. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి గల్ఫ్ పోని ఇంటిపేరుందా? ఖతర్‌లో 2022 ప్రపంచ కప్పు పనుల్లో మన ఉత్తర తెలంగాణ చేతులు కూడా ఉన్నాయి. ఎండలో ఇనుము వంచాయి, సిమెంటు మోశాయి. అందులో కొన్ని శవపేటికల్లో తిరిగొచ్చాయి. ఆ ఖతర్ 2004లోనే ఆస్పైర్ అకాడమీ పెట్టి పిల్లల మీద పెట్టుబడి పెట్టింది. 2019లో ఒకటి, తర్వాత ఇంకొకటి, వరసగా రెండు ఆసియా కప్పులు గెలిచింది. అంటే తండ్రి అక్కడ పరాయి పిల్లలు ఆడుకునే స్టేడియం కట్టాడు. కొడుకు ఇక్కడ సున్నం గీత బయట కూర్చుని, "సార్, నేను?" అంటున్నాడు. తండ్రి పంపిన పైసల్లోంచి ఆ కొడుకు కొనుక్కున్న బూట్లు మాత్రం కొత్తవి. మట్టి అంటలేదు.

సరే, ఏం చేయాలంటారా? ఏమీ కనిపెట్టక్కర్లేదు. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు పెద్ద మైదానం ఒక్కటే గతి అనకండి, దాన్నే నాలుగు ముక్కలు చేయండి. ఐదుగురు, ఏడుగురు చొప్పున ఆడించండి. వచ్చిన ప్రతి పిల్లా కనీసం సగం ఆట ఆడాలని రూలు రాయండి. మూడు నెలలకోసారి జట్లు కలపండి, చోట్లు మార్చండి. కీపర్‌ను ముందుకు పంపండి, ఫార్వర్డ్‌ను వెనక్కి పంపండి. సెలెక్షన్ ఒక్కరోజు తంతుగా కాకుండా, ఏడాదంతా సార్ నోటుబుక్కులో సాగనీయండి. పన్నెండేళ్లకు వద్దన్నవాణ్ని పద్నాలుగేళ్లకు మళ్లీ పిలవండి.

ఇది కూడా చేతకాదా? అయితే ఇంకా తేలిక దారి ఉంది. రెండు రూలుబుక్కులు ఇటుదటు మార్చండి. ఎమ్మెల్యేల రూలు పిల్లలకివ్వండి. ఏ జట్టు నుంచి ఏ జట్టుకైనా, ఎప్పుడైనా, ఎన్నిసార్లయినా పోవచ్చు, ఎవరూ అడగరు. పిల్లల రూలు ఎమ్మెల్యేలకు పెట్టండి. ఒక్కసారి ఒక జట్టులో పడ్డావా, అందులోనే చావు. గీత దాటావా, అక్కడికక్కడే ఇంటికి పో. బోనఫైడ్ తే. మణికట్టు చూపించు. ఆర్నెల్లు చాలు. పిల్లల ఆట బాగుపడుతుంది, అసెంబ్లీ కూడా బాగుపడుతుంది.

కాదంటారా? ఎందుకు కాదంటారో తెలుసు. మైదానాన్ని నాలుగు ముక్కలు చేయడానికి సున్నం తప్ప ఖర్చు లేదు. బెంచీ మీది పిల్లను లేపడానికి ఒక్క పైసా అక్కర్లేదు. ఖర్చు లేని పనికి టెండరు ఉండదు. టెండరు లేని పనికి శిలాఫలకం ఉండదు. శిలాఫలకం లేని పనికి కొబ్బరికాయ ఎవడు కొడతడు?